సుత్తి కొనే ముందు అద్దం మూల చూడండి

గౌరవనీయులైన సంపాదకుల వారికి,

నమస్కారం. ఈశాన్య రుతుపవనాల వానలు మొదలైన సందర్భంగా గత వారం మీ జిల్లా అనుబంధంలో వానాకాలపు కారు ప్రయాణాల గురించి వచ్చిన వ్యాసం చదివాను. టైర్ల గురించి, వైపర్ల గురించి, బ్రేకుల గురించి అందులో చెప్పిన మాటలన్నీ సబబుగానే ఉన్నాయి. అయితే చివరి పేరాలో, కారు నీటిలో చిక్కుకుంటే సీటు మీది తలదిండును పీకి దాని కడ్డీలతో అద్దం పగలగొట్టవచ్చని, లేదంటే బజారులో దొరికే ఏదైనా చిన్న సుత్తిని కొని డిక్కీలో పెట్టుకోవాలని రాసిన రెండు వాక్యాలు చూసి ఊరుకోలేకపోయాను. చిత్తూరులో ఇరవై ఎనిమిదేళ్లుగా గాజు వ్యాపారం చేస్తున్నవాణ్ణి. ఆ రెండు వాక్యాల్లో నాకు మూడు తప్పులు కనిపించాయి. తలదిండు ఒకటి, ‘ఏదైనా’ అన్న మాట రెండోది, డిక్కీ మూడోది.

మూడో తప్పు నేను కూడా చేశాను కాబట్టి దానితోనే మొదలుపెడతాను. మా మేనల్లుడు కొత్త కారు కొన్నప్పుడు, ఇంటర్నెట్‌లో బాగుందని చూసి, బంగారు రంగు పూసిన ఒక సుత్తిని నేనే తెప్పించి ఇచ్చాను. దాని పిడిలోనే బెల్టు కోసే బ్లేడు, ఒక చిన్న టార్చిలైటు కూడా ఉన్నాయి. కొన్ని నెలల తరువాత వాళ్లు తిరుమల దర్శనం చేసుకుని తిరిగి వస్తూ, పూతలపట్టు దాటి పెద్ద రోడ్డు వదిలి మా ఊరి దారి పట్టాక, చెరువు కట్ట మలుపులో ఎదురుగా వచ్చిన ట్రాక్టరు దీపాలకు మావాడి కళ్లు చెదిరి కారు కట్ట దిగి పక్క కాలువలోకి ఒరిగింది. కాలువలో మోకాటి లోతు నీళ్లే ఉన్నా ఎడమ తలుపులు గట్టు మట్టికి అదుముకుపోయాయి, కుడివైపు ముందు తలుపు వంగి బిగుసుకుంది, అద్దాలు దించే మీటలు పనిచేయలేదు. వెనుక సీట్లో మా మనవరాలి పక్కనున్న తలుపుకు పిల్లల లాకు వేసి ఉండటంతో అది లోపలి నుంచి తెరుచుకోలేదు. నేనిచ్చిన సుత్తి మాత్రం డిక్కీలో, లడ్డూల సంచి కింద, పంక్చరు సామాను పక్కన భద్రంగా ఉంది.

పొలాల నుంచి పరుగెత్తుకొచ్చిన వాళ్లలో ఒకతను టెంకాయంత రాయి తీసుకుని వెనుక అద్దం మధ్యలో మూడుసార్లు కొట్టాడట. రాయి ఎగిరి పడిందే తప్ప అద్దానికి గీతలు తప్ప ఏమీ కాలేదు. అప్పుడు మడికి నీళ్లు మళ్లించడానికి వచ్చిన ఒక పెద్దాయన అతణ్ణి పక్కకు జరగమని, బిడ్డ ముఖం మీద చున్నీ కప్పమని లోపలున్న తల్లితో చెప్పి, చేతిలోని గడ్డపార మొనను అద్దం కింది మూలకు ఆనించి పై నుంచి అరచేత్తో ఒక్క పోటు పొడిచాడు. బొరుగుల మూట విప్పినట్టు అద్దమంతా జలజలా రాలిపోయింది. అందరూ చిన్న చిన్న గీరుళ్లతో బయటపడ్డారు. ఆ పెద్దాయనకు గాజు శాస్త్రం ఎవరూ చెప్పి ఉండరు గానీ, ఆయన చేసిన పని మాత్రం నేను రోజూ దుకాణంలో జాగ్రత్త పడే విషయమే.

దుకాణాల ముందు తలుపులుగా బిగించే టఫెన్డ్ గాజును ఇంకా బిగించకముందు మేము ఎప్పుడూ ఒట్టి సిమెంటు నేల మీద నిలబెట్టం, కింద చెక్క పట్టీ గానీ రబ్బరు ముక్క గానీ వేస్తాం. ఎందుకంటే దాని మీద మనిషి ఒరిగినా, చేత్తో గుద్దినా నిలబడే ఆ గాజు, మూల దగ్గర చిన్న రాతి పలుకు గుచ్చుకుంటే మరుక్షణం కుప్పకూలుతుంది. మామూలు గాజును 600 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడిచేసి, దాని మీదికి ఒక్కసారిగా చల్లని గాలి ఊదితే టఫెన్డ్ గాజు తయారవుతుంది. పై పొర ముందే బిగుసుకుంటుంది, లోపలి భాగం ఆలస్యంగా చల్లబడుతూ కుంచించుకుపోతుంది. దానివల్ల పై పొర నాలుగు వైపుల నుంచి నొక్కినట్టు, లోపలి పొర లాగిపెట్టినట్టు ఉండిపోతుంది. మొద్దు వస్తువుతో వెడల్పుగా కొట్టిన దెబ్బను ఆ పై పొర భరిస్తుంది. సన్నని గట్టి మొన దాన్ని చీల్చుకుని లోపలికి దిగితే మాత్రం, బిగబట్టి ఉన్న బలమంతా ఒక్కసారి విడుదలై అద్దం మొత్తం చిన్న చిన్న పలుకులుగా విడిపోతుంది. కాబట్టి ఈ పనికి కావలసింది బరువు కాదు, మొన. కొట్టవలసింది కూడా అద్దం మధ్యలో కాదు, మధ్యభాగం కొంచెం వంగి దెబ్బను మింగేస్తుంది కనుక అంచు దగ్గర, మూలన కొట్టాలి.

కారులో ఉన్న అద్దాలన్నీ ఇలాంటివే అయితే ఈ ఉత్తరం ఇక్కడితో ముగిసేది. ముందు అద్దం ఎప్పుడూ లామినేటెడ్ గాజే. అంటే రెండు గాజు పలకల మధ్య పలుచని ప్లాస్టిక్ పొరను, సాధారణంగా 0.76 మిల్లీమీటర్ల మందంతో, వేడి మీద అతికించి చేసింది. రాయి తగిలితే సాలెగూడులా పగుళ్లు వస్తాయే గానీ ఊడి పడదు, దానిలో నుంచి బయటికి దారి చేయడం సుత్తితో అయ్యే పని కాదు. పక్క అద్దాలు చాలా కార్లలో టఫెన్డ్ గాజే అయినా, బయటి రొద లోపలికి రాకుండా ఉండటానికి, ప్రమాదంలో మనుషులు బయటికి విసిరివేయబడకుండా ఉండటానికి ఇప్పుడు కొన్ని ఖరీదైన మోడళ్లలో తలుపుల అద్దాలు కూడా లామినేటెడ్‌వే పెడుతున్నారు. అమ్మేటప్పుడు దీన్ని సౌకర్యంగా గొప్పగా చెబుతారు, అది సౌకర్యమే కూడా. ఆపదలో ఆ కిటికీ దారి కాదన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు.

మేనల్లుడి సంఘటన తరువాత నాకు నిద్ర పట్టక, పాత కార్లు విడగొట్టే షెడ్డుకు వెళ్లి నాలుగు తలుపులు, ఒక ముందు అద్దం కొని తెచ్చి దుకాణం వెనుక నిలబెట్టి, కళ్లద్దాలు, చేతి తొడుగులు వేసుకుని పరీక్షించాను. బంగారు రంగు సుత్తి మొన చూడ్డానికి కోసుగానే ఉన్నా మెత్తని లోహంతో చేసింది. నాలుగు దెబ్బలకు మొన అణిగిపోయింది, అద్దం అలాగే ఉంది. గట్టి ఉక్కు మొన ఉన్న మరో సుత్తి రెండో దెబ్బకు పగలగొట్టింది, కానీ నేను నిలబడి, చేయి పూర్తిగా ఊపి కొట్టాను, బెల్టు పెట్టుకుని స్టీరింగు వెనుక కూర్చున్నవాడికి అంత చోటు ఉండదు. మూడోది బొటనవేలంత ఉండే స్ప్రింగు పనిముట్టు. దాన్ని అద్దం మూలకు ఆనించి గట్టిగా నొక్కగానే లోపలి స్ప్రింగు విడుదలై, మొన ముందుకు పొడుచుకుని, టక్కుమన్న చప్పుడుతోనే అద్దం రాలిపోయింది. మా ఆవిడ చేత మూడో తలుపు మీద చేయించాను, ఆమెకూ మొదటిసారే పగిలింది. ముందు అద్దం మీద ఈ మూడూ చిన్న నక్షత్రం ఆకారపు పగులు మాత్రమే తేగలిగాయి.

ఇది ఒక దుకాణదారుడి పెరటి ప్రయోగమని తోసిపుచ్చవచ్చు గనుక మరొకటి చెబుతాను. అమెరికాలోని అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ 2019లో ఇలాంటి ఆరు పనిముట్లను, మూడు స్ప్రింగువి, మూడు సుత్తులు, పరీక్షించింది. టఫెన్డ్ అద్దాన్ని ఆరింటిలో నాలుగు పగలగొట్టాయి, మొత్తం మీద సుత్తుల కంటే స్ప్రింగు రకమే మెరుగని తేలింది. లామినేటెడ్ అద్దాన్ని ఆరింటిలో ఒక్కటి కూడా పగలగొట్టలేకపోయింది. ఆ దేశంలో 2018 మోడళ్లలో దాదాపు మూడింట ఒక వంతు కార్లకు పక్క అద్దాలు లామినేటెడ్‌వి ఉన్నాయని కూడా అదే సంస్థ చెప్పింది.

అది చదివిన సాయంత్రమే నా కారు అద్దాల మూలలు టార్చి వేసి చూశాను. ప్రతి అద్దం కింది మూలలో తయారీదారు పేరు, ఐఎస్ఐ గుర్తు ఉన్న చోటనే చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో ‘టెంపర్డ్’ (టఫెన్డ్‌కే మరో పేరు) అనో, ‘టఫెన్డ్’ అనో, ‘లామినేటెడ్’ అనో ముద్ర ఉంటుంది. వెనుక తలుపులకు టెంపర్డ్ అని ఉంది. ముందు తలుపులు రెండింటికీ లామినేటెడ్ అని ఉంది. గాజే బతుకుగా బతుకుతున్న నేను, మూడేళ్లుగా నడుపుతున్న కారు అద్దం మీద రాసినది చదవలేదు. అప్పటి నుంచి మా ఇంట్లో అందరికీ ఒకటే చెప్పాను. ఆపద వస్తే ముందు కూర్చున్నవాళ్లు సీటు వెనక్కు వాల్చి వెనుక కిటికీ వైపు పాకాలి, పనిముట్టు వాడవలసింది అక్కడే. ఏ కిటికీ పగులుతుందో తెలియకుండా పనిముట్టు కొనడం, ఏ తాళమో తెలియకుండా తాళంచెవి కొనుక్కున్నట్టే.

ఇక ఎంపిక విషయానికి వస్తే, నా అభిప్రాయంలో ఇంటికి కావలసింది స్ప్రింగు రకమే. సుత్తికి చేయి ఊపే చోటు కావాలి. నీళ్లు నిండిన కారులో ఊపినా నీరే దెబ్బను నెమ్మదింపజేస్తుంది, స్ప్రింగుకు ఆ ఇబ్బంది లేదు. మొన ఏ లోహంతో చేశారో అట్ట మీద రాసి ఉండాలి, టంగ్‌స్టన్ కార్బైడ్ అనే చాలా గట్టి పదార్థం అయితే మంచిది. బెల్టు కోసే బ్లేడు విడిగా బయటికి కనిపించేలా కాక, పిల్లల వేళ్లు దూరనంత సన్నని గాడిలో లోపలికి ఉండాలి. పాత బెల్టు ముక్క దొరికితే దాని మీద ఒకసారి కోసి చూడాలి, బెల్టును బిగువుగా లాగి పట్టుకుని ఏటవాలుగా కోస్తే సులువుగా తెగుతుంది. స్ప్రింగు పనిచేస్తున్నదీ లేనిదీ తెలుసుకోవడానికి అద్దమే అక్కర్లేదు, చెక్క ముక్క మీద నొక్కితే చిన్న గుంట పడాలి. టార్చి, దిక్సూచి, విజిల్, ఫోను చార్జరు అన్నీ కలిపి ఒకే పనిముట్టులో అమ్మేవాటి జోలికి పోకపోవడమే మంచిదని నా నమ్మకం. నేను కొన్న స్ప్రింగు పనిముట్టు మూడు నాలుగు వందల రూపాయల్లోనే వచ్చింది, బంగారు సుత్తికి అంతకు రెట్టింపు పెట్టాను.

ఎక్కడ పెట్టాలన్నది ఏది కొనాలన్నంత ముఖ్యం. బెల్టు పెట్టుకుని, కళ్లు మూసుకుని చేయి చాపితే అందే చోటే సరైన చోటు. డిక్కీ కాదు, ముందు అరలో కాగితాల కింద కూడా కాదు. తలుపు జేబులో ఊరికే పడేస్తే కారు పల్టీ కొట్టినప్పుడు ఎటు ఎగిరిపోతుందో చెప్పలేం. నేను మొదట రెండు వైపులా అంటుకునే టేపుతో డ్యాష్‌బోర్డుకు అతికించాను, ఏప్రిల్ నెల చిత్తూరు ఎండకు రెండు వారాల్లోనే టేపు జిగురు కారి కింద పడింది. ఇప్పుడు గేరు పక్కనున్న పెట్టె అంచుకు చిన్న స్క్రూలతో బిగించిన పట్టీలో ఒకటి, వెనుక సీటు వాళ్లకు అందేలా మరొకటి ఉంచాను. తాళాల గుత్తికి తగిలించే రకాలూ ఉన్నాయి, లాగితే గుత్తి నుంచి ఊడి చేతిలోకి వచ్చేవి. తాళం స్టీరింగు పక్కనే వేలాడే కార్లకు అవి బాగానే ఉంటాయి, మీట నొక్కి స్టార్టు చేసే కార్లలో తాళాలు ఎవరి సంచిలోనో ఉంటాయి కనుక పనికిరావు.

పనిముట్టు గురించి ఇంత రాసి, అది మొదటి దారి కాదన్న మాట చెప్పకపోతే నేనూ మరో తప్పు చేసినవాణ్ణవుతాను. కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్యుడు గోర్డన్ గీస్‌బ్రెక్ట్ కార్లను నిజంగానే నీటిలోకి దించి ప్రయోగాలు చేశారు. నీటిలో పడిన కారు అర నిమిషం నుంచి రెండు నిమిషాల వరకు తేలుతుందని, ఆ వ్యవధిలోనే బెల్టు తీసి, కిటికీ అద్దం దించి, పిల్లలను ముందు బయటికి పంపి, ఆ వెంటనే తామూ బయటపడాలని ఆయన చెబుతారు. కరెంటు అద్దాలు ఆ మొదటి నిమిషంలో చాలాసార్లు ఇంకా పనిచేస్తూనే ఉంటాయి. నీళ్లు కిటికీ ఎత్తుకు చేరితే మాత్రం బయటి ఒత్తిడికి అద్దం దిగదు. అప్పుడే స్ప్రింగు పనిముట్టు అవసరం. ఫోను చేయడం, సామాను వెతకడం, నీళ్లు లోపల నిండాక తలుపు తెరుచుకుంటుందని ఎదురుచూడటం, ఇవన్నీ ఆ నిమిషాన్ని తినేస్తాయి.

తలుపు ఎందుకు తెరుచుకోదో ఒక చిన్న లెక్క చెబుతాను. ఒక మీటరు వెడల్పున్న తలుపుకు బయట అర మీటరు ఎత్తున నీళ్లు నిలిస్తే, లోపల నీరు చేరనంతసేపూ ఆ తలుపును లోపలికి అదిమే బలం సుమారు 125 కిలోల బరువుతో సమానం. నీటి ఎత్తు రెట్టింపై ఒక మీటరుకు చేరితే బలం నాలుగింతలై దాదాపు 500 కిలోలవుతుంది.

నీళ్లంటే నదులూ చెరువులే అనుకోనక్కర్లేదు. 2021 అక్టోబరులో తిరుపతి నగరం నడిబొడ్డున, వెస్ట్ చర్చి దగ్గరి రైల్వే అండర్ బ్రిడ్జి కింద నిలిచిన వాన నీటిలో కర్ణాటక నుంచి శ్రీవారి దర్శనానికి వచ్చిన కుటుంబం వాహనం చిక్కుకుని ఒక కొత్త పెళ్లికూతురు ప్రాణం పోయింది. మరుసటి నెలలోనే స్వర్ణముఖి పొంగి తిరుపతి వీధులు, నీవా నది పొంగి మా చిత్తూరు వీధులు ఏ స్థితికి వచ్చాయో మీ పత్రికే రాసింది. 2023 మేలో బెంగళూరు కె.ఆర్. సర్కిల్ అండర్‌పాస్‌లో మన రాష్ట్రపు యువతి ఒకామె ఇదే విధంగా మరణించింది. అండర్ బ్రిడ్జి కింద నీళ్లు కనిపిస్తే ఆగి వెనక్కు తిరగడాన్ని మించిన పనిముట్టు లేదు. ఆ నీళ్లు తోడించవలసిన వాళ్ల గురించి రాయడానికి వేరే ఉత్తరం కావాలి.

తలదిండు సంగతి క్లుప్తంగా చెబుతాను. దాన్ని ఊడదీసే వీలు ఇచ్చింది ఎత్తు సరిచేసుకోవడానికే, అద్దం పగలగొట్టడానికి కాదు. దాని కడ్డీల కొనలు మొద్దుగా ఉంటాయి. చాలా చిన్న కార్లలో అది సీటుతో కలిసే ఉంటుంది, ఊడనే ఊడదు. ఊడే కార్లలో కూడా బెల్టుకు వేలాడుతూ, చీకట్లో, పక్కనున్న చిన్న మీటను నొక్కిపట్టి దాన్ని పైకి లాగడం ఎంత కష్టమో, నమ్మనివాళ్లు ఇంటి ముందు ఆగి ఉన్న కారులో ఒకసారి ప్రయత్నించి చూడవచ్చు.

అద్దాలకు నల్ల ఫిల్ములు అతికించడాన్ని సుప్రీంకోర్టు 2012లోనే నిషేధించినా మన రోడ్ల మీద అవి కనిపిస్తూనే ఉన్నాయి. ఫిల్ము ఉన్న టఫెన్డ్ అద్దం పగిలినా పలుకులు రాలవు, దుప్పటిలా ఒకే ముక్కగా వేలాడుతుంది, దాన్ని కాలితో బయటికి నెట్టాలి. 2013 అక్టోబరులో మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర బస్సు కాలిపోయి 45 మంది మరణించిన నాటి నుంచి నేను రాత్రి బస్సు ఎక్కితే ముందుగా కిటికీ పక్కన సుత్తి ఉందో లేదో చూస్తాను. చాలాసార్లు కొక్కెం ఉంటుంది, సుత్తి ఉండదు. కాబట్టి ఇప్పుడు నా సంచిలో ఒక స్ప్రింగు పనిముట్టు ఎప్పుడూ ఉంటుంది. అలిపిరి తనిఖీలో ఒకసారి భద్రతా సిబ్బంది దాన్ని బయటికి తీయించి ఇదేమిటని అడిగితే, చెక్క పెన్సిలు మీద నొక్కి చూపించాను. ఆ యువకుడు ఎక్కడ దొరుకుతుందో కాగితం మీద రాయించుకున్నాడు.

కారు షోరూముల వారికి నాదొక విన్నపం. బండి అప్పగించే రోజు కొబ్బరికాయ కొట్టించి, ఫొటో తీయించి, పాటలు వినే విధానం అరగంట సేపు నేర్పుతారు. అందులో ఒక్క నిమిషం మిగుల్చుకుని, ఈ కారులో పగిలే అద్దాలు ఇవి, పగలనివి ఇవి, వెనుక తలుపు పిల్లల లాకు ఇక్కడ అని వేలు పెట్టి చూపిస్తే చాలు. డ్రైవింగు స్కూళ్లు కూడా, ఎల్ బోర్డు తగిలించిన తొలిరోజే బెల్టుతో పాటు ఈ మాట చెప్పవచ్చు.

తమరికి నా మనవి ఇంకా చిన్నది. ఆ వ్యాసంలోని తలదిండు మాటనూ డిక్కీ మాటనూ వచ్చే సంచికలో సవరించండి. వీలుంటే అద్దం మూలలో ఉండే ముద్రను, పాఠకులు తమ కారు దగ్గర నిలబడి పోల్చుకునేంత పెద్దగా, ఫొటో తీసి వేయండి. ఫొటోకు కావాలంటే రెండు రకాల అద్దాలూ నా దుకాణం వెనుక ఉన్నాయి. టఫెన్డ్ తలుపు ఇంకొకటి మిగిలే ఉంది. మీ విలేకరి వస్తే, కళ్లద్దాలు నేనే ఇస్తాను, తన చేత్తోనే నొక్కి చూడవచ్చు.

ఇట్లు,
ఒక గాజు వ్యాపారి,
చిత్తూరు.
(పేరు ప్రచురించవద్దని మనవి. చిరునామా విడిగా జతపరిచాను.)